స్పెయిన్ తిరుగుబాటు - లండను కమిటీ

1936వ సంవత్సరము జూలై 19వ తేదీన స్పెయిన్ దేశపు రాజధానియగు మాడ్రిడ్‌లో హోసే హిరాల్ అను రసాయనశాస్త్రాచార్యుడు ప్రధానమంత్రి పదవిని స్వీకరించెను. ఒక్క దినములోపల ఆ దేశమునకు ఆయన మూడవ ప్రధాని. ఆ రాత్రియే ఆయన పొరుగుదేశమగు ఫ్రాన్స్ ప్రధాని లియాన్ బ్లూమ్‌నకు ఒక తంతి నంపెను. ప్రమాదకరమైన సైనిక తిరుగుబాటు తమపై వచ్చి పడినదనియు, ఆయుధములను విమానములను వెంటనే ఇప్పింపవలసినదనియు దాని సారాంశము. ఆయన దానము అడుగలేదు, అప్పు అడుగలేదు. స్పెయిన్ బ్యాంకు నేలమాళిగలలో ఆనాడు 600 టన్నులకు పైబడిన బంగార ముండెను. వెల యిచ్చి కొనుటకే ఆ తంతి.

ఆ తంతికి ప్రపంచ రాజ్యములు ప్రత్యుత్తర మిచ్చుటకు మూడేండ్లు పట్టెను. ఆ మూడేండ్ల ప్రత్యుత్తరమును గూర్చియే మేమిచట చెప్పదలచితిమి. యుద్ధములను వర్ణించు గ్రంథములు కొల్లలుగా నున్నవి. బల్లచుట్టును కూర్చుండి కాగితములు మార్చుకొన్నవారి చరిత్ర మాత్రము అంతగా ప్రచారములో లేదు.

ముందుగా ఆ ప్రభుత్వ మెట్లు వచ్చినదో తెలిసికొనవలెను. 1931లో రాజు 13వ ఆల్ఫోన్సో దేశము విడిచిపోగా స్పెయిన్ రిపబ్లిక్ అయ్యెను. 1936 ఫిబ్రవరి 16వ తేదీన జరిగిన సాధారణ ఎన్నికలలో వామపక్షముల ప్రజాకూటమి గెలిచెను. ఓట్లలో ఇరుపక్షములకును నడుమ నున్న అంతరము స్వల్పమే. స్థానములలో మాత్రము కూటమికి స్పష్టమైన ఆధిక్యము లభించెను. అయినను మంత్రివర్గములో సోషలిస్టు గాని కమ్యూనిస్టు గాని ఒక్కడును లేడు. మంత్రులందరు రిపబ్లికను పక్షములకు చెందిన మధ్యతరగతి వారే. తాము దేశమును కమ్యూనిజము నుండి రక్షించుచున్నామని తిరుగుబాటుదారులు లోకమునకు చాటినప్పుడు అనేకులు నమ్మిరి గనుక ఈ సంగతిని గుర్తుంచుకొనుట మంచిది.

ఆ వసంతకాలమున దేశములో శాంతి లేదనుట నిజమే. సమ్మెలు, భూముల ఆక్రమణలు, వీథులలో హత్యలు నిత్యకృత్యములై యుండెను. జూలై 13వ తేదీన ప్రతిపక్ష నాయకుడగు కాల్వో సోతేలోను ప్రభుత్వ పోలీసులే పట్టుకొనిపోయి చంపిరి. దీనినే తిరుగుబాటునకు కారణముగా చెప్పుట పరిపాటి. కాని జనరల్ మోలా తన సహచరులకు మొదటి రహస్య సూచనలను ఏప్రిల్ నెలలోనే పంపియుండెను. జనరల్ ఫ్రాంకోను కెనరీ దీవుల నుండి మొరాకోకు చేర్చిన విమానము ఆ హత్య జరుగుటకు రెండు దినములు ముందే ఇంగ్లండు నుండి బయలుదేరియుండెను.

జూలై 17 సాయంకాలమున స్పానిష్ మొరాకోలోని మెలీయా పట్టణములో తిరుగుబాటు మొదలై మరునాటికి ప్రధాన భూభాగమునకు ప్రాకెను. సెవిల్, సరగోసా, బుర్గోస్ పట్టణములు సేనానుల వశమయ్యెను. మాడ్రిడ్, బార్సిలోనా, వలెన్సియా, బిల్బావో కాలేదు. అచ్చట కార్మికులును, ప్రభుత్వమునకు విశ్వాసపాత్రులైన పోలీసులును కలిసి దండులను లోబరచుకొనిరి. యుద్ధనౌకలలో చాలవాటి నావికులు తమ అధికారులపైననే తిరుగబడి నౌకలను ప్రభుత్వపక్షమున నిలిపిరి. అందుచేత దేశమున కెల్ల మేటి సైన్యమగు ఆఫ్రికా సైన్యము ఫ్రాంకోతోగూడ సముద్రమునకు ఆవలనే చిక్కువడెను. పది పదునైదు క్రోసుల నీరు దాటుటకు ఆయనకు ఓడలు లేవు.

రేడియో పత్రికలో వ్రాయుచున్నాము గనుక ఇచట ఒక మాట. ఆ తొలి దినములలో ఆకాశవాణియే ఆయుధశాల. సెవిల్‌లో కొలది సేనతో నగరమును పట్టుకొన్న జనరల్ కేయిపో దె యానో రాత్రి రాత్రికి రేడియోలో ప్రసంగించుచు, లేని బలమును ఉన్నట్లు చూపి, బెదరించి, అటుపిమ్మట ఆ ప్రాంతము నంతటిని లొంగదీసెను. మాడ్రిడ్‌లో డొలొరెస్ ఇబారూరి అను గనిపనివాని భార్య మైక్రోఫోను ముందు నిలిచి, శత్రువును అడుగు ముందుకు సాగనీయరాదని పలికినదియు ఆ వారముననే.

అనగా తిరుగుబాటు సగము గెలిచి సగము ఓడినది. ఇట్టి సందర్భములో తక్కిన సగమును తేల్చునది బయటి ప్రపంచమే. సేనాను లది ఎరిగిరి. వారి దూతలును అప్పటికే బయలుదేరిరి.

తంతి చేరినప్పుడు పారిస్‌లో బ్లూమ్ ప్రధానియై ఏడు వారములు కాలేదు. ఆయనదియు ప్రజాకూటమి ప్రభుత్వమే. ఆయుధము లిచ్చుటకే ఆయన తొలుత నిశ్చయించెను. ఎన్నికైన ప్రభుత్వము మరియొక ప్రభుత్వము నుండి ఆయుధములు కొనుట అంతర్జాతీయ న్యాయమున సామాన్యమైన వ్యాపారము. పైగా స్పెయిన్‌తో ఫ్రాన్స్‌కు వర్తకపు టొడంబడిక ఉండెను. అయితే పారిస్‌లోని స్పెయిన్ రాయబార కార్యాలయములోనే తిరుగుబాటు పక్షపాతు లుండి రహస్యమును పత్రికలకు అందించిరి. పత్రికలు గగ్గోలు పెట్టెను. బ్లూమ్ జూలై 23న లండను వెళ్ళగా, బ్రిటిషు విదేశాంగమంత్రి ఈడెన్ ఆయనకు జాగరూకతతో నడచుకొనుడని హితవు చెప్పెను. ఆ మాట మృదువైనదే. కాని హిట్లరును ఎదుర్కొనుటకు బ్రిటన్ స్నేహము తప్ప వేరు దిక్కు లేని ఫ్రాన్స్‌కు అది ఆజ్ఞతో సమానమయ్యెను.

బ్లూమ్ పదవిని వదలుకొన దలచెననియు, స్పెయిన్ మిత్రులే ఆయనను వారించిరనియు తెలియుచున్నది. ఆయన యొక ఉపాయము పన్నెను: స్పెయిన్ వ్యవహారమున ఏ రాజ్యమును జోక్యము కలిగించుకొనరాదు, ఎవ్వరును ఏ పక్షమునకును ఆయుధము లీయరాదు. దీనిలో తర్కము లేకపోలేదు. అందరును నిజముగా దూరముగా నున్నచో, బంగారము, నౌకలు, పరిశ్రమలు గల ప్రభుత్వమే గెలువగలదు. కాని అందరును నిజముగా దూరముగా నుండవలెను గదా! ఆగస్టు 8న, ఇతరులు మాట యీయకముందే, ఫ్రాన్స్ తన సరిహద్దును ఆయుధములకు మూసివైచెను.

అప్పటి కేమి జరిగినది? జూలై 25 రాత్రి జర్మనీలోని బైరాయిత్ పట్టణమున హిట్లర్ సంగీతనాటకము చూచి విడిదికి వచ్చినప్పుడు ఫ్రాంకో దూతలు ఆయన నెదుట నిలిచిరి. తెల్లవారకముందే నిర్ణయమైనది. 20 యుంకర్సు రవాణా విమానములు మొరాకోకు పోయి, సేనలను గాలిదారిని సెవిల్ చేర్చెను. కొలది వారములలో 13,000 మందికి పైగా ఇట్లు దాటిరి. అంతటి సైన్యమును విమానములలో తరలించుట లోకములో అదియే మొదటిసారి. ముస్సోలినీ జూలై 30న 12 బాంబర్లను పంపెను. వానిలో 9 మాత్రమే గమ్యము చేరెను. ఒకటి దారి తప్పి ఫ్రెంచివారి మొరాకోలో దిగగా గుట్టు బయటపడెను. కావున ఇటలీ జోక్యమును గూర్చి ఎరుగమని ఆగస్టు నెలలో ఎవ్వరును చెప్పుటకు వీలు లేదు. ఎరిగియే అందరును ఒప్పందమునకు సిద్ధపడిరి.

ఈ ఒప్పందము ఒక విచిత్రమైన వస్తువు. అందరును సంతకము చేసిన పత్రమంటూ ఏదియు లేదు. ఒక్కొక్క రాజ్యము తన షరతులతో తాను ఒక్కొక్క లేఖ వ్రాసెను. ఆ లేఖల కట్టయే ఒప్పందము. తుదకు 27 రాజ్యములు చేరెను. వీరి కమిటీ 1936 సెప్టెంబరు 9వ తేదీన లండనులో బ్రిటిషు విదేశాంగ కార్యాలయమున సమావేశమయ్యెను. కొలది కాలములోనే ప్లిమత్ ప్రభువు అధ్యక్షుడయ్యెను. ఇటలీ పక్షమున గ్రాండీ, జర్మనీ పక్షమున రిబ్బెన్‌ట్రాప్, సోవియట్ పక్షమున మైస్కీ కూర్చుండిరి. స్పెయిన్ పక్షమున ఎవరు కూర్చుండిరి? ఎవ్వరును లేరు. ఎవరి దేశమును గూర్చి రెండున్నర ఏండ్లు చర్చించిరో ఆ దేశపు ఎన్నికైన ప్రభుత్వమునకు ఆ గదిలో పీట వేయలేదు.

ఫిర్యాదులను విచారించు పద్ధతియు వినదగినది. ఫిర్యాదును కమిటీలోని ఒక సభ్యరాజ్యమే తేవలెను. పత్రికలలో వచ్చినది గాని, యుద్ధభూమిలో ఎవరో కన్నులార చూచినది గాని దానంతట ప్రమాణము కాదు. తెచ్చిన ఫిర్యాదును నిందితరాజ్యమునకే పంపి సమాధానము కోరెదరు. ఆ రాజ్యము కాదనును. కాదన్నట్లు వ్రాసికొందురు. స్పెయిన్ రిపబ్లిక్ విదేశాంగమంత్రి ఆల్వారెస్ దెల్ వాయో జెనీవాలో నానాజాతి సమితి ముందు ఎన్నియో సాక్ష్యములను పెట్టెను. సమితి విని, ఆ విషయము లండను కమిటీ చూచుకొనునని చెప్పెను. చెవిటివాని ముందు శంఖ మూదుట యన నిదియే.

1937 మార్చిలో గ్వదలహార వద్ద ఇటలీ సైన్యము ఓడిపోయి, వందలకొలది ఇటాలియను సైనికులు తమ పత్రములతో సహా పట్టువడినప్పుడు సాక్ష్యమునకు కొదువ లేకపోయెను. ఆ నెలలోనే కమిటీలో గ్రాండీ, యుద్ధము ముగియువరకు తమ స్వచ్ఛందసైనికులలో ఒక్కడును స్పెయిన్ విడువడని తన నమ్మకమును దాపరికము లేక వెల్లడించెను. అటువంటి మాట విన్న పిమ్మట ఒక సభ ఏమి చేయవలెను? మరుసటి సమావేశమునకు తేదీ నిర్ణయించిరి. ఈ కమిటీని జోక్యపు కమిటీ యనుటయే సబబని రిబ్బెన్‌ట్రాప్ తరువాత తన జ్ఞాపకములలో వ్రాసికొనెను. ఆయన వ్రాసిన మాటలలో నిజమని ఒప్పుకొనదగినవి కొద్ది; ఇది వానిలో నొకటి.

ఆ యేప్రిల్‌లోనే పర్యవేక్షణ యను పథకము అమలునకు వచ్చెను. ఫ్రాన్స్ సరిహద్దున అంతర్జాతీయ పరిశీలకులను, పోర్చుగల్ సరిహద్దున బ్రిటిషు పరిశీలకులను నిలిపిరి. సముద్రతీరమును నాలుగు రాజ్యముల నౌకలు కావలి కాయవలెను. ఏ తీరమున ఎవరు? తిరుగుబాటుదారుల తీరములకు ప్రధానముగా బ్రిటన్, ఫ్రాన్స్. ప్రభుత్వపు మధ్యధరా తీరమునకు జర్మనీ, ఇటలీ. ఫ్రాంకోకు సైన్యము నిచ్చినవారే రిపబ్లిక్ రేవులకు కావలివారైరి. కంచే చేను మేయుట మన పల్లెలలో సామెత. అచట నది ప్రభుత్వములు ఆమోదించిన ఏర్పాటు. ఇక విమానములలో వచ్చుదానికి ఏ కావలియు లేదు. పథకము మొదలైన వారమునకే, ఏప్రిల్ 26వ తేదీన, జర్మను కాండోర్ దళపు విమానములు ఇటలీ విమానములతో కలిసి బాస్కుల ప్రాచీన పట్టణమగు గెర్నికాను సంతదినమున కాల్చివైచెను. టైమ్స్ పత్రికలో జార్జ్ స్టీర్ వ్రాసిన వార్త లోకమునకు తెలిపినది. ఫ్రాంకో పక్షమువారు, ఆ పట్టణమును దాని ప్రజలే తగులబెట్టుకొనిరని ప్రకటించిరి.

బ్రిటిషు ప్రభుత్వ మిట్లు నడచుటకు కారణము దుష్టబుద్ధి యని మేము అనము. మరియొక ప్రపంచయుద్ధము వచ్చునను భయము ఆనాడు నిజమైనది. మొదటి నెలలలో ప్రభుత్వపక్షపు ప్రాంతములలో అరాచకము చెలరేగి, యుద్ధకాలమున మొత్తము 6,800 మంది వరకు మతగురువులు, సన్యాసినులు హతులగుట విన్నవారి హృదయములు రిపబ్లిక్‌కు దూరమయ్యెను. రెండవ పక్షమువారు సెవిల్‌లో, బదహోస్‌లో చేసిన వధలును తక్కువవి కావు. కాని అవి సైనికవేషములో, క్రమశిక్షణతో జరిగినవి గనుక కాబోలు, గొప్పవారి విందులలో అంతగా వినబడలేదు. గనులలో, ఇనుపరాతిలో బ్రిటిషు పెట్టుబడులు ఉండెను. 1937 జూన్‌లో బిల్బావో పడిపోయిన పిదప, ఆ సంవత్సరము తీరకముందే, బ్రిటన్ ఫ్రాంకోతో వాణిజ్య ప్రతినిధులను మార్చుకొనెను.

మా యభిప్రాయమున తప్పు మొదటి మాటలోనే జరిగినది. ప్రభుత్వము, తిరుగుబాటుదారులు అను రెండు పేర్ల స్థానమున "ఉభయ పక్షములు" అను ఒక్క పేరు వచ్చి కూర్చుండెను. ఆ పేరును ఒకసారి అంగీకరించిన తరువాత, ఇరువురకును సమానముగా ఆయుధములు నిరాకరించుట ధర్మముగానే కనబడును. ఎన్నికైనవారికి చట్టరీత్యా నున్న హక్కును తీసివైచి, తిరుగబడినవారికి దొంగదారిని తెరచి యుంచి, రెండింటిని త్రాసులో వేసి సరిపోయినవన్నారు.

అమెరికా కథ క్లుప్తముగా చెప్పవచ్చును. 1937 జనవరిలో స్పెయిన్‌కు ఆయుధముల ఎగుమతిని నిషేధించు తీర్మానము సెనేటులో 81 ఓట్లతో, ఎదురు లేక నెగ్గెను. ప్రతినిధుల సభలో వ్యతిరేకించినవాడు ఒక్కడు. తుపాకి నిషిద్ధము, పెట్రోలు నిషిద్ధము కాదు. టెక్సాకో నూనె కంపెనీ ఫ్రాంకోకు అప్పుమీద నూనె పోసెను. లారీలును అమెరికా నుండి వేలకొలదిగా చేరెను. యుద్ధము చేయిదాటిన పిమ్మట, 1939 జనవరిలో, ఆ నిషేధము పెద్ద పొరపాటని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తన మంత్రులతో ననెను.

అన్ని తలుపులు మూసికొనగా తెరచియున్నది మాస్కో తలుపు ఒక్కటే. ఇతరులు ఒప్పందమును నిలుపుకొననిచో తామును నిలుపుకొనమని 1936 అక్టోబరులో సోవియట్ ప్రభుత్వము ప్రకటించెను. ట్యాంకులు, విమానములు కార్తహేన రేవున దిగెను. నవంబరులో మాడ్రిడ్ నిలిచినదనిన, అచటి ప్రజల తెగువతోబాటు ఆ ఆయుధములును కారణమే. అయితే స్టాలిన్ ఉచితముగా ఇచ్చువాడు కాడు. 510 టన్నుల బంగారము అదే రేవు నుండి ఒడెస్సాకు పోయెను. ఆయుధములతో రహస్యపోలీసులును వచ్చిరి. 1937 జూన్‌లో ఆంద్రేయు నిన్ అను వామపక్ష నాయకుని పట్టుకొని మాయము చేసి చంపిరి. ఎన్నికల నాడు మంత్రివర్గములో ఒక్క కమ్యూనిస్టు లేని దేశమున కమ్యూనిస్టుల పలుకుబడి నానాటికి పెరిగినది. స్పెయిన్ కమ్యూనిజము పాలగునని భయపడినవారే దానిని ఆ దిక్కునకు నెట్టిరి.

ప్రభుత్వములు పలుకనిచోట ప్రజలు కొందరు పలికిరి. యాబదికి పైగా దేశముల నుండి సుమారు 35,000 మంది అంతర్జాతీయ దళములలో చేరిరి. మన దేశమునుండి పోయినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే. నాగపూరునకు చెందిన గోపాల్ ముకుంద్ హుద్దార్ మారుపేరుతో పోరాడి, పట్టువడి, బుర్గోస్ దగ్గర నొక మఠములోని చెరలో ఉండి విడుదల పొందెను. వైద్యులలో డాక్టర్ అటల్ ఒకరు; తరువాత చైనాకు పోయిన కాంగ్రెసు వైద్యబృందమునకు నాయకుడాయనయే. 1936 డిసెంబరులో ఫైజ్‌పూర్ కాంగ్రెసులో జవహర్‌లాల్ నెహ్రూ తన అధ్యక్షోపన్యాసమున స్పెయిన్‌ను విస్మరింపలేదు. 1938 జూన్‌లో ఆయన కృష్ణ మేనన్‌తో కూడ బార్సిలోనాకు పోయి ఐదు దినము లుండెను. అప్పుడా నగరముపై రాత్రులందు బాంబులు పడుచుండెను. స్వరాజ్యము లేని దేశపు నాయకుడు, స్వరాజ్యమును పోగొట్టుకొనుచున్న దేశమునకు అతిథిగా పోయిన ఆ దృశ్యము మా మనస్సును తాకుచుండును. ఆయన చేత సైన్యము లేదు, ఓటు లేదు. కాంగ్రెసు పంపగలిగినది కొంత ధాన్యము, కొంత వైద్యసహాయము.

గట్టిగా నిలిచియున్నచో ఏమై యుండెడిదను ప్రశ్నకు ఊహతో గాక ఒక దృష్టాంతముతోనే సమాధానము చెప్పవచ్చును. 1937 ఆగస్టులో మధ్యధరా సముద్రమున స్పెయిన్ రేవులకు పోవు వాణిజ్యనౌకలను "పేరు తెలియని" జలాంతర్గాములు ముంచసాగెను. అవి ఇటలీవని ఎరుగనివా డెవ్వడును లేడు. ఈసారి బ్రిటిషు నౌకలకే ముప్పు కలిగెను. హావోక్ అను బ్రిటిషు యుద్ధనౌకమీదనే టార్పెడో వదలిరి. సెప్టెంబరు 10న స్విట్జర్లండులోని న్యోన్ పట్టణమున తొమ్మిది రాజ్యములు కూడెను. ఇటలీ రాలేదు, జర్మనీ రాలేదు. వారి కొరకు ఎవ్వరును వేచియుండలేదు. వాణిజ్యనౌకపై దాడిచేయు జలాంతర్గామిని వెదకి ముంచివైతుమని 14వ తేదీన ఒడంబడిక చేసికొని, బ్రిటన్, ఫ్రాన్స్ విధ్వంసక నౌకలను కావలి నిలిపిరి. దాడులు ఆగిపోయెను. లండను కమిటీ ఏడాదిపాటు చేయలేని పని ఐదు దినములలో అయినది. అటుపిమ్మట ఆ కావలిలో ఒక భాగమును ఇటలీకే అప్పగించిరనుట చదువరులు నమ్మలేకపోవచ్చును, అదియు జరిగినది.

తొలినుండియు వేరుగా నిలిచిన ఒక దేశము కలదు. అది మెక్సికో. అధ్యక్షుడు లాసరో కార్డెనాస్ వాదము సరళమైనది: స్పెయిన్‌లో ఎన్నికైన ప్రభుత్వ మొకటి యున్నది, అది కోరినది అమ్ముట జోక్యము కాదు, అమ్మకుండుటయే జోక్యము. పేదదేశము గనుక పెద్దసాయము చేయలేకపోయెను. 20,000 తుపాకులు, రెండు కోట్ల తూటాలు 1936 అక్టోబరు మొదట కార్తహేన చేరెను. జెనీవాలో మెక్సికో ప్రతినిధి ఇసిద్రో ఫబేలా ఈ వాదమునే నానాజాతి సమితి నిబంధనల ఆధారముతో వినిపించెను. యుద్ధమునకు చిక్కిన 456 మంది బాలబాలికలను 1937లో ఓడమీద రప్పించి మొరేలియా పట్టణమున చదువు చెప్పించిరి. వారిలో ఎందరికో మరల తల్లిదండ్రుల దర్శనము కలుగలేదు. కొలది నెలలకని పంపిన పిల్లలు ఆ దేశముననే పెద్దవారై స్థిరపడిరి.

1938 సెప్టెంబరులో రిపబ్లిక్ ప్రధాని నెగ్రిన్ జెనీవాలో, తమ పక్షమున నున్న విదేశ స్వచ్ఛందసైనికుల నందరిని పంపివైచుచున్నామని ప్రకటించెను. ఎదుటివారును అట్లే చేయుదురని లోకము ఒత్తిడి పెట్టునని ఆయన ఆశ. ఆ దినములలోనే మ్యూనిక్ ఒప్పందము జరిగి చెకొస్లొవేకియా బలి అయ్యెను. స్పెయిన్‌ను గూర్చి ఆలోచించు తీరిక ఎవరికి? 1939 జనవరి 26న బార్సిలోనా పడెను. మంచులో, వానలో దాదాపు ఐదులక్షల మంది ఫ్రాన్స్ సరిహద్దు దాటిరి. వారిలో వేలకొలది మందిని ఆర్జెలెస్ ఇసుకతిన్నెలమీద ముండ్లతీగల నడుమ ఉంచిరి.

ఫిబ్రవరి 27వ తేదీన బ్రిటన్, ఫ్రాన్స్ ఫ్రాంకోను గుర్తించెను. మాడ్రిడ్ ఇంకను పడలేదు. ఫ్రాంకో ప్రతీకారము చేయడను నమ్మకముతో గుర్తించితిమని చెప్పిరి. రెండు వారముల క్రితమే ఆయన రాజకీయ బాధ్యతల చట్టమును ప్రకటించియుండెను. 1934 అక్టోబరు నుండి చేసిన పనులకు, అనగా తిరుగుబాటునకు రెండేండ్ల ముందటి పనులకుగూడ, దానిలో శిక్ష కలదు. ఆ చట్టము అచ్చులో నున్నది, చదువదలచినవారికి దొరకునదియే. ఫ్రాన్స్ తనయొద్ద నిలిపియుంచి రిపబ్లిక్‌కు ఈయని బంగారమును ఫ్రాంకోకు ఇచ్చుటకు ఒప్పుకొనెను. గుర్తింపు జరిగిన మరునాడు అధ్యక్షుడు అజాన్యా పదవికి రాజీనామా చేసెను. ఏప్రిల్ 1వ తేదీన యుద్ధము ముగిసినదని ఫ్రాంకో ప్రకటించెను. ఆ నెలలోనే లండను కమిటీ తన్ను తాను రద్దుచేసికొనెను. అటుపై ఐదు నెలలు తిరుగకముందే, ఏ యుద్ధమును తప్పించుటకై ఇదంతయు జరిగినదో ఆ యుద్ధము వచ్చెను.

1945లో శాన్‌ఫ్రాన్సిస్కో మహాసభలో మెక్సికో మరల లేచి, హిట్లర్, ముస్సోలినీల సైనికసాయముతో ఏర్పడిన ప్రభుత్వములకు క్రొత్త సమితిలో చోటు ఉండరాదని ప్రతిపాదించి నెగ్గించెను. 1946 డిసెంబరు 12న ఐక్యరాజ్య సమితి, మాడ్రిడ్ నుండి రాయబారులను వెనుకకు పిలువవలసినదని సభ్యరాజ్యములకు సలహా ఇచ్చెను. నాలుగేండ్లకు, 1950 నవంబరులో, ఆ సలహాను అదే సమితి ఉపసంహరించుకొనెను. రష్యాతో వైరము ముదిరినది. విమానస్థావరములకు స్పెయిన్ నేల కావలసివచ్చినది. 1953లో అమెరికాతో ఒప్పందము, 1955లో సమితి సభ్యత్వము లభించెను. మన దేశమును 1956లో మాడ్రిడ్‌తో రాయబార సంబంధములు నెలకొల్పుకొనెను.

మెక్సికో నెలకొల్పుకొనలేదు. ఫ్రాంకో 1975 నవంబరు 20న మరణించువరకును, ఆపైనను, మెక్సికో నగరములో స్పెయిన్ రాయబార కార్యాలయమనగా ప్రవాసములో నున్న రిపబ్లిక్ ప్రభుత్వపు కార్యాలయమే. దాని యధీనమున అడుగు నేల లేదు, సైన్యము లేదు. 1977 మార్చిలో ఉభయులును సమ్మతించి ఆ సంబంధమును ముగించిరి. ఆ జూన్ 15వ తేదీన స్పెయిన్‌లో, 1936 ఫిబ్రవరి తరువాత మొట్టమొదటిసారిగా, ప్రజలు స్వేచ్ఛగా ఓటు వేసిరి.